సెప్టెంబర్ 17: సరిహద్దుకు ఇవతల ఒక పేరు, అవతల ఇంకో పేరు. పిల్లాడికి ఏం చెప్పాలి?

గోదారి_ఒడ్డు
మాది మహారాష్ట్రలో ధర్మాబాద్. అబ్బాయి ఎనిమిదో తరగతి, మరాఠీ మీడియం. 17వ తేదీ జెండా వందనం అయ్యాక మూడు నిమిషాలు మాట్లాడమని వాళ్ళ సార్ చెప్పారు. అంశం 'మరాఠ్వాడా ముక్తి సంగ్రామ్', అంటే నిజాం నుంచి మరాఠ్వాడా విముక్తి పోరాటం. 1948లో నిజాం హైదరాబాద్ రాజ్యం భారత్‌లో కలిసింది ఆ రోజే. మా చెల్లెలి ఇల్లు తెలంగాణలో, బాసరలో, మధ్యన రాష్ట్రం గీత ఒక్కటే అడ్డం. దాని కూతురికి కూడా అదే రోజు బడిలో ఉపన్యాసం. అక్కడ అంశం 'ప్రజాపాలన దినోత్సవం'. మొన్న ఆదివారం ఇద్దరూ మా ఇంట్లో పక్కపక్కన కూర్చుని రాసుకున్నారు. మావాడి కాగితం నిండా నిజాం మీద పోరాడిన స్వామి రామానంద తీర్థ, నిజాం వైపు నిలిచిన రజాకార్లు, భారత సైన్యం చేసిన పోలీస్ యాక్షన్. పాప కాగితంలో రాజుల పాలన పోయి ప్రజల పాలన వచ్చిన రోజు. "ఒకే రోజుకి రెండు పేర్లు ఎట్లుంటాయి మామయ్యా, ఎవరిది తప్పు?" అని పాప అడిగింది. ఏం చెప్పాలో తోచలేదు.

మా అమ్మను అడగమన్నాను. 1948లో ఆమెకు ఏడేళ్ళు. "ఆ వారం మన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు" అంది. అంతే, లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకో బాధ కూడా ఉంది. ఈసారి మా గల్లీ గణపతి మండపంలో మా ఆడవాళ్ళు తెలుగు భజన పాట పెడితే ఒక కుర్రాడు వచ్చి ఆపేశాడు. "మహారాష్ట్రలో ఉండి తెలుగు పాటలేంటి" అన్నాడు. నలభై ఏళ్ళుగా వర్గణి (చందా) ఇస్తున్న ఇళ్ళు మావి. పిల్లల గొడవ, ఈ పాట గొడవ రెండూ ఒకటేనని నాకు అనిపిస్తోంది. ఎట్లా ఒకటో చెప్పలేకపోతున్నాను. మీ వైపు ఎట్లా ఉందో రాయండి.

బోధన్_బావ
ఇందులో గొడవేముంది. అది విమోచన దినం. సెప్టెంబర్ 13న సైన్యం కదిలింది, 17న నిజాం లొంగిపోయాడు. మీ మరాఠ్వాడాలో ఎప్పటి నుంచో సర్కారు జెండా ఎగరేస్తోంది. మా దగ్గరే ఓట్ల లెక్కలు చూసుకుని ఇన్నేళ్ళు పక్కన పెట్టారు. మీ అబ్బాయి కాగితమే కరెక్ట్.

కిన్వట్_అడవిగాలి
బావా, అంత తేలిక కాదు. తెలుగులోనే నేను విన్న పేర్లు ఇవి: విమోచనం, విలీనం, సమైక్యత, విద్రోహం. ఇప్పుడు ప్రజాపాలన. 2022లో హైదరాబాద్‌లో ఒకే రోజు రెండు పండగలు జరిగాయి, పరేడ్ గ్రౌండ్‌లో కేంద్రం విమోచన దినం చేసింది, రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం చేసింది. 2024 మార్చిలో కేంద్రం ఏటా 'హైదరాబాద్ విమోచన దినం' జరపాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ సెప్టెంబర్‌కి రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం 'ప్రజాపాలన' అంది. కర్ణాటక వైపు బీదర్, గుల్బర్గాల్లో 'కల్యాణ కర్ణాటక ఉత్సవం'. పాత హైదరాబాద్ రాష్ట్రంలో 16 జిల్లాలు. ఎనిమిది తెలంగాణకు, ఐదు మరాఠ్వాడాకు, మూడు కర్ణాటకకు పోయాయి. పండగ కూడా అట్లాగే ముక్కలైంది.

విద్రోహం అనేవాళ్ళ మాట కూడా వినాలి. నిజాం లొంగిపోయాక కూడా సైన్యం వెనక్కి పోలేదు, సాయుధ పోరాటంలో ఉన్న రైతుల మీదికి తిరిగింది. ఆ పోరాటం 1951 అక్టోబర్ దాకా నడిచింది.

బోధన్_బావ
విద్రోహం అనే మాట నాకు మింగుడు పడదు. మా పెదనాన్న రజాకార్ల భయానికి జొన్న చేలో మూడు రాత్రులు పడుకున్నాడు. ఆయనకు అది విమోచనమే.

కిన్వట్_అడవిగాలి
ఆయనకు అది విమోచనమే. కాదనను.

సిరోంచ_పిల్లోడు
మాకు 17న ఏమీ ఉండదు. జెండా లేదు, ఉపన్యాసం లేదు. మాది నిజాం రాజ్యం కాదు, సెంట్రల్ ప్రావిన్సెస్, బ్రిటిష్ వాళ్ళ కింద. ప్రాణహిత దాటితే నిజాం. ఇళ్ళలో మాట అదే తెలుగు, పెళ్ళి సంబంధాలు చెన్నూరు, మహదేవపూర్ వైపే. పుష్కరాలకు ఇటు ఒడ్డున మేము, అటు ఒడ్డున కాళేశ్వరంలో మా మేనత్త వాళ్ళు. నీళ్ళు ఒకటే. 1948 కథ మాత్రం వాళ్ళది, మాది కాదు. నిజాం రాజ్యం నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకు అన్నం పెట్టామని మా తాత చెప్పేవాడు, అంతే మా వంతు.

రాజూరా_అక్క
అది చిన్న వంతు కాదు తమ్ముడూ. సరిహద్దు పొడుగునా కాంగ్రెస్ వాళ్ళు శిబిరాలు పెట్టుకుని అక్కడి నుంచే నిజాం మీద పోరాడారు. పి.వి. నరసింహారావు ఉన్నది చాందా శిబిరంలో, అంటే ఇప్పటి మన చంద్రపూర్.

మా రాజూరా అప్పట్లో ఆదిలాబాద్ జిల్లా. 1956లో నాందేడ్‌లో కలిపారు, 1959లో చాందాకి ఇచ్చారు. మా నాయనమ్మ ఒక్క ఇంట్లోనే ఉండి మూడు జిల్లాల్లో కాపురం చేసింది. చంద్రపూర్ జిల్లాలో 17న జెండా ఎగరేసేది మా వైపు తాలూకాల్లోనే. వార్ధా నది దాటి బల్లార్షా పోతే ఆ రోజు మామూలు రోజు.

బల్లార్షా_షిఫ్టు
మామూలు రోజేంటక్కా! విశ్వకర్మ పూజ. మా మిల్లులో ఆ రోజు మిషన్లకు పూలదండలు, షిఫ్టు మొత్తానికి బూందీ. నువ్వు జెండా వందనం చూసుకుని ఇటు వచ్చెయ్, రెండు పండగలూ దొరుకుతాయి.

పర్లాకిమిడి_మాస్టారు
మా ఒడిశాలోనూ 17 అంటే విశ్వకర్మ పూజే. మీ 17తో తూగే రోజు మా ఊరికి వేరే ఉంది, ఏప్రిల్ 1. తీరిగ్గా రాస్తాను.

గోదారి_ఒడ్డు
రాయండి మాస్టారూ.

అక్కా, మా వైపూ మీ లాంటి కథే. బాసర ఉన్న ముధోల్ తాలూకా 1956కి ముందు నాందేడ్ జిల్లాలోదే. బిచ్కుంద, జుక్కల్ కూడా ఇటే ఉండేవి. అంటే నా ఊరు, మా చెల్లెలి ఊరు ఒకే జిల్లా. ఆ నవంబర్ 1న రాష్ట్రాలను భాష ప్రకారం విడదీసినప్పుడు గీత ఇంకో చోట గీసి ఉంటే ఇద్దరు పిల్లలూ ఒకే ఉపన్యాసం రాసుకునేవాళ్ళు.

జివతి_కొండ
మా కొండ మీద ఆ గీత ఇంకా పూర్తిగా పడలేదు. మహారాష్ట్ర జివతి తాలూకా, తెలంగాణ కెరమెరి మండలం రెండూ మా ఊళ్ళు మావేనంటాయి. ఇంటికి రెండు రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు. ఊళ్ళో తెలుగు బడీ ఉంది, మరాఠీ బడీ ఉంది. పంద్రాగస్టు నాడు చిన్నప్పుడు ఒక జెండా దగ్గర జనగణమన పాడి, అక్కడ చాక్లెట్ తీసుకుని, రెండో జెండా దగ్గరికి పరిగెత్తేవాళ్ళం. పాట అదే కదా, మాకు కష్టం ఉండేది కాదు. ఇళ్ళలో మాట్లాడేది ఎక్కువగా మరాఠీ, గోండి. పింఛను ఎక్కువ ఇచ్చే వైపు ముసలివాళ్ళ మనసు ఉంటుంది, అది తప్పని నేను అనను.

బోధన్_బావ
ధర్మాబాద్, బిలోలి వైపు ఊళ్ళు కూడా తెలంగాణలో కలపండని అడిగాయి కదా ఆ మధ్య, రైతుబంధు చూసి.

గోదారి_ఒడ్డు
అడిగాయి. 2019 ఎన్నికల ముందు బాగా నడిచింది. మా బంధువులూ ఆ సభలకు పోయారు. అప్పటి నుంచే కొందరు మమ్మల్ని వేరేగా చూస్తున్నారని నా అనుమానం. నీళ్ళు, కరెంటు అడిగినవాళ్ళను 'అటు వాళ్ళు' అనేశారు. మండపంలో పాట ఆపిన కుర్రాడికి అప్పుడు పన్నెండేళ్ళుంటాయి. ఆ మాటలు విని పెరిగినవాడే.

దెగ్లూర్_దర్జీ
రెండు రోజులుగా చదువుతున్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మాది దెగ్లూర్. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దుకాణంలో తెలుగు, మరాఠీ.

నేను ప్రతి 17కీ జెండా వందనానికి పోతాను. బడి పిల్లల యూనిఫాంలు కుట్టేది నేనే. నేను కుట్టిన తెల్ల చొక్కాలు వరసగా నిలబడి ఉంటే చూడటం నాకిష్టం. కానీ ఉపన్యాసంలో 'రజాకార్' అన్న మాట వచ్చినప్పుడల్లా పది మంది పిల్లలు మావాడి వైపు తిరిగి చూస్తారు. వాడికి పన్నెండేళ్ళు. నేను చదువుకునేటప్పుడు నా వైపు అట్లాగే చూసేవాళ్ళు.

రజాకార్లు చేసిన ఘోరాలను నేను దాచను. ఖాసిం రజ్వీ లాతూర్‌లో వకీలు, మాకు దూరం ఊరేమీ కాదు. వాళ్ళకు చందా ఇవ్వనన్నందుకు మా తాతను కొట్టారు. కానీ సైన్యం వచ్చాక జరిగింది ఏ ఉపన్యాసంలోనూ ఉండదు. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని రాసింది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తిన్నవి నాలుగు జిల్లాలు: ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్. మాది అందులో ఉంది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. ముస్లిం ఇరుగుపొరుగును ప్రాణాలకు తెగించి కాపాడిన హిందువుల సంగతి కూడా అందులో రాశారు. అదీ ఎవరూ చదవరు.

గోదారి ఒడ్డు అన్నా, మీ అబ్బాయిని ఒక్క పేరు కలపమనండి. షోయబుల్లా ఖాన్. 'ఇమ్రోజ్' పత్రిక ఎడిటర్. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో రజాకార్లు ఆయన్ని చంపేశారు. ఆ పేరు వినపడితే మావాడు తల ఎత్తుకుని నిలబడతాడు.

గోదారి_ఒడ్డు
భాయ్, వాడు ఇప్పుడే ఆ పేరు రాసుకున్నాడు. దెగ్లూర్‌లో మీ వాడి బడిలో కూడా ఎవరైనా చెప్పాలని కోరుకుంటున్నాను.

బోధన్_బావ
భాయ్, షోయబుల్లా ఖాన్ పేరు చెప్పాల్సిందే, అందులో నేను మీతోనే. చావుల లెక్క దగ్గరే నాకు ఇబ్బంది. పండగ రోజు, పిల్లల ముందు అవన్నీ ఎందుకు? పంద్రాగస్టున విభజన చావులు చెప్పుకుంటామా?

కిన్వట్_అడవిగాలి
చెప్పుకుంటున్నాం. 2021 నుంచి ఆగస్టు 14ను విభజన విషాదాలను తలుచుకునే రోజుగా కేంద్రమే జరుపుతోంది. ఆ చావులకు ఒక రోజు ఇవ్వగలిగిన దేశం ఈ చావులకు ఒక వాక్యం ఇవ్వలేదా?

బోధన్_బావ
ఆ సంగతి నాకు గుర్తు రాలేదు. ఆలోచిస్తాను.

వేదిక_పెద్ద
ఇక్కడ ఒక సభ్యుడి పోస్టు తీసేశాను. దర్జీ గారిని ఉద్దేశించి రాసిన మాట అది. ఆయన మన సభ్యుడు. వాదించండి, మనిషిని అనకండి.

బల్లార్షా_షిఫ్టు
గణపతి పాట సంగతి ఎవరూ ఎత్తుకోలేదు, నేను ఎత్తుకుంటా. తిలక్ 1893లో గణపతిని ఇళ్ళలోంచి వీధిలోకి తెచ్చాడు. బ్రిటిష్ వాళ్ళ కింద జనం ఒకచోట చేరడానికి అదొక దారి అయింది. భజనలు, ఉపన్యాసాలు, మేళాలు అనే పాటల బృందాలు. కులం చూడకుండా అందరినీ ఒక మండపం కిందికి తెచ్చిన పండగ అది. ఆ మండపంలో పాటకు భాష అడ్డం పెట్టడం తిలక్‌కే ఎదురు పోవడం. నేను మా మండలి మీటింగ్‌లో ఇదే చెప్తాను.

రాజూరా_అక్క
తమ్ముడూ, ఆ కథలో ఇంకో సగం ఉంది. నేను హిస్టరీ చెప్తాను బడిలో, అందుకే ఊరుకోలేకపోతున్నాను. అంతకు ముందు పుణెలో మొహర్రం ఊరేగింపుల్లో హిందువులు కూడా పెద్ద ఎత్తున నడిచేవాళ్ళు, డోళ్ళు వాయించేవాళ్ళు. 1893 ఆగస్టులో బొంబాయిలో మత కల్లోలాలు జరిగాయి. ఆ తర్వాత తాబూతుల దగ్గరికి పోవద్దని పిలుపులు వచ్చాయి, 1894 నుంచి గణపతి ఊరేగింపు ఆ చోటు తీసుకుంది. మేళాల పాటల్లో బ్రిటిష్ వాళ్ళకు వ్యతిరేకంగా ఎన్ని ఉండేవో, 'మన ఊరేగింపు వదిలి వాళ్ళ దగ్గరికి ఎందుకు పోతావు' అనేవీ ఉండేవి. అంటే ఒకే పండగ అందరినీ దగ్గరికి చేర్చింది, కొందరిని బయట నిలబెట్టింది. నాకు గణపతి అంటే ప్రాణం, ఇంట్లో మోదకాలూ ఉండ్రాళ్ళూ రెండూ చేస్తాను. ఈ సంగతి తెలిసి కూడా చేస్తాను.

దెగ్లూర్_దర్జీ
మా వైపు పీర్ల పండగకు ఇప్పటికీ హిందువులు వచ్చి ఊదు వేస్తారక్కా. ఊళ్ళలో పీరును ఎత్తుకునేవాళ్ళలో సగం మంది వాళ్ళే.

సిరోంచ_పిల్లోడు
'గణపతి బప్పా మోరియా' అని హైదరాబాద్ నడిబొడ్డున ట్యాంక్‌బండ్ మీద లక్షల మంది అరుస్తారు. అది మరాఠీ కేక. ఖైరతాబాద్‌లో 'తెలంగాణలో ఉండి మరాఠీ ఏంటి' అని ఎవరైనా మైకు ఆపారా? ఆ కుర్రాడికి నేనైతే ఇదే చెప్తా.

గోదారి_ఒడ్డు
తమ్ముడూ, ఈ మాట నాకు అక్కడ తట్టి ఉంటే ఎంత బాగుండేది! పోయిన ఏడాది 2024లో నిమజ్జనం సరిగ్గా సెప్టెంబర్ 17నే పడింది. పొద్దున బడిలో జెండా, సాయంత్రం గోదావరిలో గణపతి. ఆ కుర్రాడూ మావాడూ ఒకే ట్రాక్టర్ మీద గులాల్ చల్లుకున్నారు. ఒక్క ఏడాదిలో ఏమైందో.

షోలాపూర్_మగ్గం
మా ఊరి సంగతి వినండి. మా పద్మశాలీలు తెలంగాణ నుంచి వచ్చి తరాలు దాటాయి. రాఖీ పున్నమినాడు, ఇక్కడ నారళీ పున్నమి అంటారు, మార్కండేయుడి రథం ఊరంతా తిరుగుతుంది. ఆ రోజు షోలాపూర్ తెలుగు మాట్లాడుతుంది. మరాఠీ వాళ్ళు, కన్నడిగులు, లింగాయత్‌లు దారి పొడుగునా నిలబడి దండం పెడతారు. ఎవరూ 'మీరు బయటివాళ్ళు' అనరు. జనవరిలో సిద్ధేశ్వర జాతరకు మేమూ పోతాం.

దేశం మాట వస్తే, మాకు జనవరి 12 పెద్ద రోజు. 1931లో ఆ రోజు ఎరవాడ జైల్లో మా ఊరి నలుగురిని ఉరి తీశారు. మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుస్సేన్, జగన్నాథ్ షిండే, శ్రీకిసన్ సారడా. ఆ నాలుగు పేర్లు విడదీసి ఎవరూ చదవరు. చిన్నప్పటి నుంచీ ఒకే గుక్కలో చెప్పడం నేర్పిస్తారు. దర్జీ భాయ్ చెప్పిన షోయబుల్లా ఖాన్ పేరు కూడా అట్లా ఒకే గుక్కలో వచ్చే పేర్లలో కలవాలి.

పర్లాకిమిడి_మాస్టారు
ఇప్పుడు రాస్తున్నాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైంది. భాష ప్రాతిపదికన మన దేశంలో ఏర్పడ్డ మొదటి రాష్ట్రం. ఏటా ఆ రోజు ఉత్కళ దివస్. దాని కోసం పోరాడి, తర్వాత ఒడిశా మొదటి ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయింది మా ఊరి రాజావారే, కృష్ణచంద్ర గజపతి. ఊళ్ళో ఆయన విగ్రహానికి పూలమాలలు, బడుల్లో ఊరేగింపులు, పాటలు. ఒడియా వాళ్ళకు అది ఎంత కష్టపడి దక్కించుకున్న రోజో నాకు తెలుసు. బెంగాలీ కింద, తెలుగు కింద, హిందీ కింద ముక్కలుగా ఉన్నవాళ్ళు ఒక్క చోటికి చేరిన రోజు. నేను మనసారా ఆ సభలో కూర్చుంటాను.

అదే ఊళ్ళో గిడుగు రామమూర్తి గారు యాభై ఏళ్ళకు పైగా ఉన్నారు. రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పారు, సవరల దగ్గర వాళ్ళ భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాశారు, వాడుక తెలుగు కోసం పోట్లాడారు. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన ఒప్పుకోలేదు. ఇల్లు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి డెబ్బై దాటిన మనిషి. ఆయన పుట్టిన రోజు, ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. మహేంద్రతనయ అవతల పాతపట్నంలో ఆ రోజు సభలు పెడతారు. ఆయన నడిచిన వీధుల్లో మేము పది మందిమి ఒక ఇంటి అరుగు మీద చేరి దండ వేస్తాం.

రాజావారు, గిడుగు వారు, ఇద్దరూ మా ఊరికి గొప్పవాళ్ళే. ఒకరి పండగ రెండోవారి ఎడబాటు. నేను రిటైరయ్యే ముందు ఒక ఏప్రిల్ 1న మైకు దొరికితే ఒడియాలోనే మాట్లాడాను. రాజావారి గురించి చెప్పి, చివర "ఈ రోజే ఈ ఊరు విడిచి వెళ్ళిపోయిన ఒక ముసలి మాస్టారు కూడా ఉన్నాడు" అని గిడుగు వారి సంగతి, ఆయన సవర పని సంగతి చెప్పాను. కోపం వస్తుందేమో అని టెన్షన్ పడ్డాను. సభ అయ్యాక ఒక సవర కుర్రాడు వచ్చి ఆ నిఘంటువు ఎక్కడ దొరుకుతుంది అని అడిగాడు.

బాబూ, మీ అబ్బాయికి నేను చెప్పేది ఇదే. ఆ ఊరి భాషలోనే మాట్లాడమనండి, బాగా మాట్లాడమనండి. వదిలేసిన మనిషిని కూడా తలుచుకోమనండి.

కొరాపుట్_కాఫీ
మాస్టారి మాటకు దండం. మా పొట్టంగి వైపు కొఠియా ఊళ్ళ కోసం ఒడిశా, ఆంధ్ర 1968 నుంచి సుప్రీంకోర్టులో ఉన్నాయి. పంద్రాగస్టుకు రెండు వైపుల అధికారులూ జెండాలు పట్టుకుని కొండెక్కిన ఏళ్ళున్నాయి. జెండా రెండు వైపులదీ ఒకటే, ఎవరు ఎగరేశారన్నదే పోటీ.

బరంపురం_పట్టు
నేను బరంపురం పట్టుచీరల ఇంటి ఆడపిల్లని. మా ఊరి పెద్ద పండగ బుధి ఠాకురాణి యాత్ర, రెండేళ్ళకోసారి, నెల రోజుల పైన. అమ్మవారు గుడి నుంచి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఎవరిదనుకున్నారు? తెలుగు నేత కులపు పెద్ద, దేశిబెహరా ఇల్లు. ఆయన పిలిస్తేనే అమ్మ బయల్దేరుతుంది. ఆ నెల రోజులూ రాత్రిపూట ఘటాలు వీధులు తిరుగుతాయి, ఊరంతా వేషాలు, పులి ఆటలు. మొక్కు ఉన్నవాళ్ళు ఒడియా, తెలుగు తేడా లేకుండా వేషం కడతారు. ఉత్కళ దివస్ చేసేది వీళ్ళే, ఈ యాత్ర చేసేదీ వీళ్ళే.

నాకు అర్థమైంది చెప్తాను. మేము ఆ పండగలో పాట పెట్టుకోవడానికి పర్మిషన్ అడిగేవాళ్ళం కాదు. మా ఇల్లు లేకపోతే పండగ మొదలే కాదు. గోదారి ఒడ్డు అన్నయ్యా, మీ మండలిలో వర్గణి ఇవ్వడంతో సరిపెట్టకండి. ఒక రోజు పూజ మా వీధిదని, ప్రసాదం మా ఇళ్ళ నుంచని పని అడిగి తీసుకోండి. పని ఉన్నవాళ్ళను మైకు దగ్గర ఆపడం కష్టం.

షోలాపూర్_మగ్గం
ఈ చెల్లెమ్మ మాట నూటికి నూరు పాళ్ళు నిజం. రథం మాది కాబట్టే మా మాట చెల్లుతుంది.

కిన్వట్_అడవిగాలి
నేను కొంచెం అడ్డం పడతాను. అందరికీ రథం ఉండదు. మా కిన్వట్ గోండులకు, కోలాములకు ఏ మండలిలో పని ఇస్తున్నారు? వాళ్ళ పండగలు చూడండి. ఆశ్వయుజ పున్నమికి జోడేఘాట్‌లో కొమురం భీం వర్ధంతి. 1940లో నిజాం పోలీసులు ఆయన్ని చంపింది అక్కడే. కేస్లాపూర్ నాగోబా జాతరకు మహారాష్ట్ర గోండులు కూడా బండ్లు కట్టుకుని పోతారు. వాళ్ళకు రాష్ట్రం గీత లేదు. మెస్రం వంశం గోండులు గోదావరి నీళ్ళు తెచ్చి అభిషేకం చేస్తే జాతర మొదలవుతుంది. 17న మన ఉపన్యాసాల్లో రామానంద తీర్థ ఉంటారు, ఉండాలి. ఎనిమిదేళ్ళ ముందే అదే నిజాంతో పోరాడి చచ్చిపోయిన భీం పేరు మరాఠీ బడిలో నేను ఒక్కసారీ వినలేదు, ఎందుకంటే ఆ కొండ ఇప్పుడు 'అటు' ఉంది.

జివతి_కొండ
మా ఊరి నుంచి జోడేఘాట్‌కి ప్రతి ఏడాదీ జీపులు పోతాయి. నేను నాలుగుసార్లు పోయాను.

ఉమ్రి_మిర్చి
ఇంకో సంగతి ఎవరూ అనలేదు. 2025 సెప్టెంబర్ 2న ముంబైలో మరాఠా రిజర్వేషన్ జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) వచ్చింది, రిజర్వేషన్ ఇప్పించే కున్బీ కులం సర్టిఫికెట్ కోసం చూడమన్నది 'హైదరాబాద్ గెజెట్'. అంటే నిజాం కాలపు కాగితం. పోయిందని పండగ చేసుకునే రాజ్యం కాగితం ఇప్పుడు బతుకుతెరువుకు సాక్ష్యం. మా ఇంట్లో పాత ఉర్దూ పహాణీలు ట్రంకు పెట్టెలోంచి తీశాం, చదివేవాళ్ళే దొరకడం లేదు.

దెగ్లూర్_దర్జీ
తీసుకురండి అన్నా, మా అబ్బా (నాన్న) చదువుతారు. ఇప్పటికే మీ ఊరి వాళ్ళు ఆరుగురు వచ్చి పోయారు.

రాజూరా_అక్క
బతుకమ్మ గురించి ఒక మాట. 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పండగ చేసింది. 2024 డిసెంబర్‌లో తెలంగాణ తల్లి కొత్త విగ్రహం చేతిలో బతుకమ్మ లేదని అక్కడ పెద్ద గొడవే జరిగింది. ఆ గొడవలు వాళ్ళవి. మనకు మాత్రం ఒక ఇబ్బంది వచ్చింది. రాజూరా, కిన్వట్, సిరోంచ ఆడవాళ్ళు ఎప్పటి నుంచో ఆడుకుంటున్న పువ్వుల పండగ ఇప్పుడు చూసేవాళ్ళకు 'పక్క రాష్ట్రం పండగ' అయిపోయింది. పోయినసారి మైదానం అడిగితే ఒకాయన అదే మాట అన్నాడు. తంగేడు పువ్వుకు ఏ రాష్ట్రమండీ? మేం ఆ రోజు మరాఠీ ఆడవాళ్ళను కూడా పిలిచాం, వాళ్ళు భోండ్లా పాటలు పాడారు. అదీ ఆడపిల్లలు చుట్టూ తిరుగుతూ పాడేదే. రాత్రి పదింటి దాకా ఆడాం.

సిరోంచ_పిల్లోడు
అక్కా, ఆ రెండు పాటలూ ఒక వీడియో పెట్టు.

బోధన్_బావ
మా పెదనాన్న కొడుకుతో మాట్లాడాను. జొన్న చేలో పడుకున్న కథ నాకు సగమే చెప్పారట. ఆ చేను మాది కాదు, ఒక ముస్లిం కౌలుదారుది. ఆయనే రాత్రిళ్ళు నీళ్ళు, రొట్టెలు తెచ్చి ఇచ్చేవాడట. ఆ మనిషి తర్వాత ఏమయ్యాడో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగలేదు కూడా. నా మాట మార్చుకోను, మా ఇంటికి అది విమోచనమే. చావుల లెక్క ఎందుకు అని భాయ్‌ని అడిగిన మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను.

దెగ్లూర్_దర్జీ
ఏం ఫర్వాలేదు బావా.

గోదారి_ఒడ్డు
17 రాత్రి రాస్తున్నాను.

నిన్న మావాడు కాగితం పట్టుకుని నాయనమ్మ మంచం దగ్గర కూర్చున్నాడు. షోయబుల్లా ఖాన్ పేరు చదివి వినిపించాడు. అప్పుడు చెప్పింది. మా పాత ఇంట్లో అటక సరిగ్గా పొయ్యి మీద ఉండేది. సైన్యం వచ్చాక ఊళ్ళోకి బయటి మూకలు వచ్చాయి. పక్కింటి నూనె వ్యాపారి భార్యనూ ముగ్గురు పిల్లలనూ మా తాత ఆ అటక మీద దాచాడు. పొయ్యి వెలిగిస్తే పొగ పైకి పోతుంది, పిల్లలు దగ్గుతారు. అందుకే ఆరు రోజులు పొయ్యి వెలిగించలేదు. అటుకులు, బెల్లం, పచ్చి జొన్నలు తిన్నారు. అంతకు నెల ముందు రజాకార్లు వచ్చినప్పుడు అదే నూనె వ్యాపారి 'ఈ ఇల్లు నాది' అని మా గుమ్మంలో నిలబడ్డాడట. ఆయన మాత్రం ఆ వారం దొరికిపోయాడు. మా అమ్మ ఇన్నేళ్ళు ఈ సంగతి నాతో కూడా చెప్పలేదు.

మావాడు ఉపన్యాసం మళ్ళీ రాశాడు. ఉద్యమం, రామానంద తీర్థ, షోయబుల్లా ఖాన్, కొమురం భీం, ఆఖరున మా పొయ్యి. సార్‌కి ముందే చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, 'పొయ్యి' దగ్గర పెన్ను ఆపి, "ఇది సిలబస్‌లో లేదు" అన్నారు. కాసేపటికి "చెప్పనీ" అన్నారు. మరాఠీలో చెప్పి, నాయనమ్మ అన్న ఒక్క వాక్యం మాత్రం తెలుగులోనే చెప్పాడు. మూడు నిమిషాలకు ఐదు పట్టింది. ఎవరూ ఆపలేదు. చప్పట్లు వెంటనే పడలేదు, తర్వాత పడ్డాయి.

బాసర పాప కూడా తన ఉపన్యాసంలో అదే పొయ్యి కథ చెప్పిందట. రెండు వేర్వేరు పేర్ల పండగల్లో ఒకే కథ. ఎవరిది తప్పు అని ఇప్పుడు అడగడం లేదు. ఆ నూనె వ్యాపారి పేరేంటి అని అడుగుతోంది. అమ్మకు ఇంటి పిలుపు ఒక్కటే గుర్తుంది. వెతుకుతున్నాం.

మండపం కుర్రాడితో ఇంకా మాట్లాడలేదు. 21న ఎంగిలిపూల బతుకమ్మ. అతని తల్లిని, అక్కను పిలవడానికి రేపు మా ఆవిడ వాళ్ళింటికి వెళ్తోంది. భోండ్లా పాటలు వాళ్ళనే పాడమంటాం.

పర్లాకిమిడి_మాస్టారు
అబ్బాయి కాగితం జాగ్రత్తగా దాచండి బాబూ. మరాఠీలో ఉన్నా సరే, ఫొటో తీసి ఇక్కడ పెట్టండి.

దెగ్లూర్_దర్జీ
అన్నా, అమ్మగారికి నా సలాం చెప్పండి. పండక్కి ఆమెకు ఒక రవిక కుట్టి పంపుతాను, కాదనకండి. ఆది జాకెట్టు ఒకటి దెగ్లూర్ బస్సులో డ్రైవర్ చేతికిచ్చి పంపండి, స్టాండ్‌లో నేను తీసుకుంటాను.

గోదారి_ఒడ్డు
రేపు పొద్దున బస్సుకు పంపుతున్నాను భాయ్. చేతులు మోచేతి దాకా ఉండాలంటోంది.